చెదిరిన ధ్యాసను వెనక్కి తెచ్చుకోవడం: ఒత్తిడి తగ్గించే నిత్య సాధనలు

కళ్లు మూసుకుని అయిదు నిమిషాలు ఊపిరిని గమనించమని చెప్పినప్పుడు చాలామందికి ఎదురయ్యే అనుభవం దాదాపు ఒకటే. మూడో ఊపిరి పూర్తయ్యేలోగా మనసు ఎక్కడికో వెళ్లిపోతుంది. తీర్చవలసిన బాకీ, నిన్న ఎవరో అన్న మాట, రేపటి సమావేశంలో ఇవ్వవలసిన సంజాయిషీ ఒకదాని వెంట ఒకటి వరస కడతాయి. కొంతసేపటికి ఆ సంగతి స్ఫురించి ధ్యాసను ఊపిరి మీదికి మళ్లించుకుంటే, మరో రెండు ఊపిరులకే మళ్లీ అదే కథ. ఇలా రెండు మూడు రోజులు గడిచాక 'నా మనసు నిలవదు, ఇది నాకు సరిపడదు' అన్న నిర్ణయానికి వచ్చి మానేసేవారు తక్కువేమీ కాదు. విచారించవలసిన విషయం ఏమిటంటే, వారు అభ్యాసాన్ని సరిగానే చేస్తూ, సరిగా చేయడం లేదనుకుని వదిలేస్తున్నారు.

మనసును కదలకుండా కట్టిపడేయడమే ఈ సాధనల లక్ష్యమని భావించినవారికి తలెత్తిన ప్రతి ఆలోచనా ఓటమిగానే కనిపిస్తుంది. ధ్యాస చెదిరిందని గమనించడం, నొచ్చుకోకుండా దానిని వెనక్కి తెచ్చుకోవడం అనే రెండు పనులు కలిసినదే అసలు అభ్యాసం. అయిదు నిమిషాల్లో ఇరవైసార్లు చెదిరి ఇరవైసార్లు తిరిగి వచ్చిన వ్యక్తి ఇరవైసార్లు అభ్యాసం చేసినట్టే లెక్క. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో వెలువడిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో, చెదిరిపోతున్న ధ్యాసను పదేపదే స్వచ్ఛందంగా వెనక్కి తెచ్చుకోగల శక్తే వివేచనకు, శీలానికి, సంకల్పానికి మూలమని, ఆ శక్తిని పెంపొందించే విద్యను మించిన విద్య ఉండదని రాశాడు. అయితే అటువంటి విద్యను నిర్వచించినంత సులభంగా దానిని ఆచరణలో పెట్టే మార్గాన్ని చెప్పలేమని కూడా ఆయన అక్కడే ఒప్పుకున్నాడు. ఆయన కష్టమన్న ఆ మార్గాన్ని రోజువారీ పనుల్లో ఇమిడేంత చిన్న చిన్న అభ్యాసాలుగా ఎలా మలచుకోవచ్చో, అవి ఒత్తిడి మీద ఎందుకు పనిచేస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒత్తిడి శరీరంలో ఏ దారిన నడుస్తుందో తెలుసుకోవాలి. ప్రమాదం ఎదురైన ప్రాణి పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమయ్యే తీరును శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. వేర్వేరు రకాల హానికర పరిస్థితులకు శరీరం ఒకే తరహాలో స్పందిస్తుందని హాన్స్ సెల్యే 1936లో ప్రకటించాడు. ఆ తరువాత జరిగిన పరిశోధనలు ఈ ప్రక్రియను మరింత స్పష్టం చేశాయి. మెదడు ముప్పును పసిగట్టిన కొన్ని సెకన్లలోనే అడ్రినలిన్ రక్తంలోకి విడుదలై గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. మరోవైపు మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి పీయూష గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులకు సంకేతం చేరి, కొన్ని నిమిషాల వ్యవధిలో కార్టిసాల్ అనే హార్మోను స్థాయి పెరుగుతుంది. శక్తిని కండరాలకు మళ్లించి, జీర్ణక్రియ వంటి తక్షణ అవసరం లేని పనులను వెనక్కి నెట్టే ఈ ఏర్పాటు ప్రాణాన్ని కాపాడేదే తప్ప దానంతట అది హానికరమైనది కాదు. ముప్పు తొలగిన తరువాత ఇది సద్దుమణగాలి. చిక్కంతా అది సద్దుమణగకపోవడంలోనే ఉంది.

మనిషి విషయంలో ముప్పు ఎదురుగా ఉండనవసరం లేదు, తలచుకుంటే చాలు. పై అధికారి మందలింపు రెండు నిమిషాల్లో ముగిసినా దానిని సాయంత్రం వరకు మనసులో తిరగదోడుకునే వ్యక్తి శరీరం ఆ రెండు నిమిషాలను పలుమార్లు అనుభవిస్తుంది. తలచుకున్న ప్రతిసారీ గుండె కొంత వేగం పుంజుకుంటుంది, దవడ బిగుసుకుంటుంది, ఊపిరి పొట్టిదవుతుంది. జరిగినదాన్ని నెమరువేసుకోవడం, జరగబోయేదాన్ని ఊహించుకుని కలతపడటం అనే ఈ రెండు అలవాట్లు ఒత్తిడికి వేసే ఎరువు అంతా ఇంతా కాదు. సంఘటన మన చేతిలో లేకపోవచ్చు గాని, దాని పునరావృతంలో కొంత భాగం మన చేతిలో ఉంటుంది. ఎరుక సాధనలు, అంటే ఇంగ్లిషులో మైండ్‌ఫుల్‌నెస్ అని పిలిచే ఈ అభ్యాసాలు, పనిచేసే చోటు సరిగ్గా ఇదే.

ఇలా మనసు ఎదుట ఉన్న పనిని విడిచి మరెక్కడో తిరగడాన్ని తెలుగులో పరధ్యానం అంటాం. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మంది వయోజనులను ఫోన్ ద్వారా రోజులో వేర్వేరు సమయాల్లో పలకరించి, ఆ క్షణాన ఏం చేస్తున్నారో, దేని గురించి ఆలోచిస్తున్నారో, ఎంత సంతోషంగా ఉన్నారో అడిగారు. సేకరించిన జవాబుల్లో 46.9 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. పరధ్యానంలో ఉన్నప్పుడు మనుషులు తక్కువ సంతోషంగా ఉన్నారని, ఇంపైన విషయాలు తలచుకుంటున్నప్పుడు కూడా పని మీద ధ్యాస ఉన్నప్పటికంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరని ఆ అధ్యయనం తేల్చింది. రోజులో దాదాపు సగం సేపు మనసు ఇంట్లో లేని మనిషికి అలసట ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాటకు మూలం పాళీ భాషలోని 'సతి'. సంస్కృతంలో ఇదే స్మృతి. బౌద్ధ సాహిత్య అనువాదకుడు రీస్ డేవిడ్స్ 1881లో ఈ పదానికి మైండ్‌ఫుల్‌నెస్ అన్న అనువాదాన్ని వాడాడు, అది అలాగే స్థిరపడింది. తెలుగులో దీనికి సావధానత, బుద్ధిపూర్వకత వంటి అనువాదాలు కనిపిస్తున్నా, 'ఎరుక' అన్న అచ్చ తెలుగు మాటలో ఉన్న వెచ్చదనం వాటికి లేదు. ఏమరుపాటు లేకుండా ఉండటమే ఎరుక. స్మృతి అన్న మాటలో మరో సొగసు కూడా ఉంది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది గతాన్ని కాదు, ఇప్పుడు ఇక్కడ ఉన్నామన్న సంగతిని. ఈ సాధనలను మత సంప్రదాయం నుంచి వేరుచేసి వైద్యశాలలోకి తెచ్చిన వ్యక్తి జాన్ కబాట్ జిన్. 1979లో ఆయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, మందులతో పూర్తిగా నయం కాని దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం, ఆ తరువాత ఎనిమిది వారాలదిగా స్థిరపడిన శిక్షణను ప్రారంభించాడు. వారానికి ఒకసారి సుమారు రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజుకు 45 నిమిషాల అభ్యాసం, మధ్యలో ఒక పూర్తి రోజు మౌనంగా గడపడం అందులోని భాగాలు. ఈరోజు ఫోన్ యాప్‌లలో, పత్రికల్లో కనిపించే మూడు నిమిషాల, అయిదు నిమిషాల అభ్యాసాలలో చాలావాటికి మూలం ఆ శిక్షణలోనే ఉంది. ముక్క నుంచి మొత్తం ఫలితాన్ని ఆశించకూడదన్న జాగ్రత్త మొదటి నుంచే ఉండటం మంచిది. అయినా ముక్కలకు వాటి విలువ వాటికుంది.

అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది ఊపిరిని గమనించడం. కూర్చునే భంగిమ గురించి పెద్దగా పట్టింపు అక్కరలేదు. వెన్ను నిటారుగా, అయితే బిర్రబిగుసుకోకుండా, పాదాలు నేలకు ఆని ఉండేలా కుర్చీలో కూర్చుంటే చాలు. కళ్లు మూసుకోవచ్చు, లేదా చూపును కొంచెం దూరంలో నేల మీద నిలపవచ్చు. ఆ తరువాత ఊపిరి శరీరంలో ఎక్కడ బాగా తెలుస్తోందో చూసుకోవాలి. కొందరికి అది ముక్కుపుటాల దగ్గర చల్లగా లోనికి వచ్చి వెచ్చగా బయటికి పోయే గాలిలో తెలుస్తుంది, కొందరికి ఛాతీ కదలికలో, మరికొందరికి పొట్ట పైకి లేచి కిందికి దిగడంలో తెలుస్తుంది. ఎక్కడ తెలిస్తే అక్కడే ధ్యాసను ఉంచాలి, చోటును మాటిమాటికీ మార్చకూడదు. ఊపిరిని పొడిగించాలని గాని, లోతుగా తీసుకోవాలని గాని ప్రయత్నించనవసరం లేదు. అది పొట్టిగా ఉంటే పొట్టిగా ఉన్నట్టు, ఒడిదుడుకుగా ఉంటే ఒడిదుడుకుగా ఉన్నట్టు తెలిస్తే సరిపోతుంది. మొదట్లో ఆసరాగా ఒక్కో నిశ్వాసానికి ఒక్కో అంకె చొప్పున ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రావచ్చు. లెక్క తప్పితే, లేదా ఏకంగా పదిహేడుకో పద్దెనిమిదికో చేరితే, మనసు ఎక్కడో విహరించి వచ్చిందని దానంతట అదే బయటపడుతుంది. లెక్క తప్పినందుకు విసుక్కోకుండా ఒకటి దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి.

ఈ విసుక్కోకపోవడం అన్నది కేవలం మర్యాద కోసం చేర్చిన మాట కాదు. ధ్యాస చెదిరినందుకు తనను తాను తిట్టుకునే వ్యక్తి ఒక ఆలోచనను వదిలి మరో ఆలోచనను పట్టుకున్నాడు, పైగా రెండోది మొదటిదానికంటే చేదైనది. తూలిపడబోయిన పసిబిడ్డను చేయి పట్టి నిలబెట్టేటప్పుడు ఎంత తేలిగ్గా పట్టుకుంటామో అంత తేలిగ్గా ధ్యాసను వెనక్కి తెచ్చుకోవాలి. ఆలోచనను అణచిపెట్టడానికి చేసే ప్రయత్నం వికటిస్తుందన్నది ప్రయోగంలోనూ తేలిన విషయమే. 1987లో డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి అయిదు నిమిషాల పాటు ఆలోచించవద్దని, ఒకవేళ ఆలోచన వస్తే గంట మోగించమని కోరారు. వద్దన్నా ఎలుగుబంటి వస్తూనే ఉంది, తరువాత ఇక ఆలోచించవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, మొదటి నుంచీ అనుమతి ఉన్నవారికంటే వీరికే అది ఎక్కువగా తలపుకు వచ్చింది. ఊపిరి అభ్యాసంలో ఆలోచనను తరిమేయవలసిన పని లేదు. దానిని ఉన్నచోటే వదిలి, ధ్యాసను మాత్రం తీసుకుని వచ్చేస్తే చాలు.

ఊపిరిని గమనించడం వేరు, ఊపిరిని నడపడం వేరు. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్ల ప్రారంభకులు తికమక పడుతుంటారు. నిశ్వాసాన్ని కావాలని పొడిగించే అభ్యాసానికి ప్రత్యేకమైన శారీరక ఆధారం ఉంది. గాలి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగంగా, వదిలినప్పుడు కొద్దిగా నెమ్మదిగా కొట్టుకోవడం ఆరోగ్యవంతులందరిలో సహజంగా జరిగేదే. వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు చేరి దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నాడి గుండె మీద తన పట్టును బిగించడమే దీనికి ప్రధాన కారణం. అందువల్ల నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే, నిమిషానికి సుమారు ఆరు ఊపిరుల చొప్పున సాగే ఈ నెమ్మది లయలో గుండె వేగంలోని సహజమైన హెచ్చుతగ్గులు బాగా పెరుగుతాయి, శరీరం శాంతించే దిశగా మొగ్గుతుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో నెల రోజుల పాటు రోజుకు అయిదు నిమిషాలు కొందరు ధ్యానాన్ని, కొందరు వివిధ శ్వాస అభ్యాసాలను చేశారు. అన్ని బృందాల్లోనూ ఆందోళన తగ్గింది గాని, మనసు ఉల్లాసంగా ఉండటంలో ఎక్కువ మెరుగుదల కనిపించింది నిట్టూర్పును పోలిన అభ్యాసంలో. ముక్కుతో నిండుగా గాలి పీల్చి, దాని మీదనే మరో చిన్న ఊపిరి తీసుకుని, నోటితో నిదానంగా పూర్తిగా వదలడమే ఆ పద్ధతి. అప్పటికప్పుడు ఉద్వేగం ముంచుకొచ్చినప్పుడు నిశ్వాసాన్ని పొడిగించడం ఉపయోగపడుతుంది. మనసు తీరును తెలుసుకోవడానికి మాత్రం ఊపిరిని దాని మానాన దానిని వదిలి గమనించడమే సరైనది. మొదటిది మందు లాంటిదైతే రెండోది వ్యాయామం లాంటిది.

ఒత్తిడి ఆలోచనల్లోనే కాక శరీరంలోనూ నివసిస్తుంది, చాలాసార్లు మనసుకు తెలియకముందే అక్కడ చోటు చేసుకుంటుంది. కనుబొమల మధ్య ముడి, పళ్లు కరుచుకుని ఉన్న దవడ, చెవుల దాకా ఎక్కిన భుజాలు, లోపలికి లాగిపట్టిన పొట్ట దాని చిరునామాలు. శరీరాన్ని వరుసగా గమనించే బాడీ స్కాన్ అభ్యాసం ఈ చోట్లను వెలుగులోకి తెస్తుంది. కబాట్ జిన్ శిక్షణలో దీనిని పడుకుని ముప్పావు గంట చేయిస్తారు గాని, రోజువారీ వాడుకకు మూడు నాలుగు నిమిషాల పొట్టి రూపం సరిపోతుంది. కాలి వేళ్ల దగ్గర మొదలుపెట్టి పాదాలు, పిక్కలు, తొడలు, నడుము, పొట్ట, ఛాతీ, చేతులు, భుజాలు, మెడ, ముఖం వరకు ధ్యాసను నెమ్మదిగా పైకి తీసుకువెళ్లాలి. ఒక్కో చోట ఏం తెలుస్తోందో, అంటే వేడో, చల్లదనమో, బరువో, తిమ్మిరో, నొప్పో చూసి ముందుకు సాగాలి. ఏమీ తెలియకపోతే, ఏమీ తెలియడం లేదన్నదే అక్కడి సమాచారం. కండరాలను బిగించి వదులు చేసే పద్ధతిని ఎడ్మండ్ జేకబ్సన్ గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రూపొందించాడు, అదీ ఉపయోగకరమైనదే. బాడీ స్కాన్‌లో మాత్రం వదులు చేయాలన్న పట్టుదల ఉండదు. బిగుసుకుందని తెలిసిన భుజం చాలాసార్లు దానంతట అదే దిగుతుంది, దిగకపోయినా అభ్యాసం విఫలమైనట్టు కాదు. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. అయితే విశ్రాంతి కోసం ఆత్రపడటం కూడా మరో ఒత్తిడిగా మారే ప్రమాదం ఉన్నందువల్ల దీనిని పట్టించుకోక తప్పదు.

విడిగా సమయం కేటాయించలేనివారికి ఎలాగూ చేసే పనులనే అభ్యాసంగా మార్చుకునే మార్గం ఉంది. నడక అందుకు చాలా అనువైనది. మడమ నేలను తాకడం, బరువు పాదం మీదుగా ముందుకు జరగడం, వేళ్లు నేలను నెట్టి లేవడం వంటి కదలికల మీద ధ్యాస ఉంచుతూ ఇంట్లో ఒక గది నుంచి మరో గదికి వెళ్లినా అది అభ్యాసమే అవుతుంది. చేతులు కడుక్కోవడం, మంచినీళ్లు తాగడం, తలుపు తాళం వేయడం వంటివి కూడా పనికివస్తాయి, పైగా ఏమరుపాటు లేకుండా తాళం వేసినవారికి 'వేశానా లేదా' అన్న అనుమానంతో వెనక్కి వచ్చే పని తప్పుతుంది. గిన్నెలు కడగడం మీద 2015లో అమెరికాలో 51 మంది విద్యార్థులతో ఒక చిన్న ప్రయోగం జరిగింది. సబ్బు వాసన, నీటి వెచ్చదనం, గిన్నెల స్పర్శ మీద ధ్యాస నిలపమని ముందుగా చదివించిన బృందంలో బెరుకు, కంగారు 27 శాతం తగ్గాయి, గిన్నెలు ఎలా కడగాలో మాత్రమే చదివిన బృందంలో అటువంటి మార్పు లేదు. ఒక చిన్న ప్రయోగం మీద పెద్ద మేడ కట్టకూడదు. అయినా పని అదే, చేతులు అవే అయినప్పుడు ధ్యాస ఉన్న చోటును బట్టి అనుభవం మారవచ్చన్న సూచన అందులో ఉంది.

ఇలా పాత పనికి కొత్త అభ్యాసాన్ని ముడివేయడంలో మరో లాభం ఉంది. గుర్తుపెట్టుకోవలసిన భారం తప్పుతుంది. అలవాట్లు ఏర్పడే తీరు మీద లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజుల పాటు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక కొత్త పని ప్రయత్నం లేకుండా దానంతట అది జరిగే స్థాయికి చేరడానికి పట్టే కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు ఉండవచ్చు, మధ్యస్థంగా అది 66 రోజులు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటవుతుందన్న ప్రచారాన్ని నమ్మి, ఇరవై రెండో రోజున నిరాశపడేవారు ఈ అంకెలను గుర్తుంచుకోవాలి. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే ప్రక్రియ చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదని కూడా అదే అధ్యయనం గమనించింది. ధ్యాస విషయంలో చెప్పిన మాటే రోజుల విషయంలోనూ వర్తిస్తుంది. తప్పిన రోజు తరువాత మళ్లీ కూర్చోవడం కూడా అభ్యాసంలోని భాగమే.

భావోద్వేగానికి పేరు పెట్టడం మరో అభ్యాసం, చూడటానికి ఎంత చిన్నదో పనితనంలో అంత గట్టిది. 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం మెదడు స్కానింగ్ సాయంతో జరిపిన ప్రయోగంలో, కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాలను చూసినప్పుడు ఆ భావానికి సరిపోయే మాటను ఎంచుకున్నవారి మెదడులో, ముప్పును పసిగట్టడంలో పాలుపంచుకునే అమిగ్డలా స్పందన తగ్గి, నుదుటి వెనుక కుడివైపు ఉండే ఒక నియంత్రణ ప్రాంతం చురుకుదనం పెరిగినట్టు తేలింది. మనసు కలత చెందినప్పుడు ఒక్క క్షణం ఆగి 'ఇది విసుగు', 'ఇది భయం', 'ఇది అవమానం' అని లోలోపల అనుకోవడమే ఈ అభ్యాసం. విశ్లేషణలోకి, కారణాల వెతుకులాటలోకి దిగకుండా పేరు పెట్టి ఆగిపోవాలి.

ఈ విషయంలో తెలుగు వాక్యం ఒక చక్కని దారి చూపుతుంది. కోపం వచ్చింది, భయం వేసింది, దిగులు పట్టుకుంది, విసుగు పుట్టింది అంటాం. ఈ వాక్యాలన్నిటిలో కర్త మనిషి కాదు, ఆ భావమే. మనిషికి అది వస్తుంది, వేస్తుంది, పడుతుంది. వచ్చినది పోతుందన్న సూచన ఆ క్రియలోనే ఇమిడి ఉంది. భావాన్ని తానుగా పొరబడకుండా తన దగ్గరికి వచ్చినదానిగా చూడటం ఎరుక సాధనల్లో నేర్చుకోవలసిన కష్టమైన పాఠాల్లో ఒకటి. తెలుగు మాట్లాడేవారు రోజూ నోటితో అంటున్న మాటను ఒక్కసారి చెవితో వింటే ఆ పాఠంలో సగం పట్టుబడుతుంది. పేరు ఎంత కచ్చితంగా ఉంటే అంత మేలు. ఒత్తిడిగా ఉందని ఊరుకోవడం కంటే, అది గాభరానా, ఉక్రోషమా, బెంగా, అలసటా, అసూయా అని పోల్చుకోవడం వల్ల ఆ తరువాత చేయవలసిన పని కూడా తేటపడుతుంది. అలసటకు విశ్రాంతి కావాలి, ఉక్రోషానికి ఒక సంభాషణ కావాలి.

పై అంశాలను కలిపి మూడు నిమిషాల్లో చేసే ఒక కట్టుదిట్టమైన అభ్యాసాన్ని మనస్తత్వవేత్తలు జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ రూపొందించారు. మొదటి నిమిషంలో ఇప్పుడు ఏ ఆలోచనలు, ఏ భావాలు, శరీరంలో ఏ అనుభూతులు ఉన్నాయో ఉన్నది ఉన్నట్టు చూసుకోవాలి. రెండో నిమిషంలో ధ్యాసను ఊపిరి అనే ఒక్క చోటికి కుదించాలి. మూడో నిమిషంలో అక్కడి నుంచి ధ్యాసను శరీరమంతటికీ, కూర్చున్న భంగిమకు, ముఖ కవళికకు విస్తరింపజేయాలి. విశాలంగా మొదలై సన్నగా మారి తిరిగి విశాలమయ్యే ఈ ఆకారాన్ని ఇసుక గడియారంతో పోలుస్తారు. ఈ ముగ్గురూ రూపొందించిన ఎనిమిది వారాల చికిత్సలో ఇది ఒక భాగం. 145 మందితో జరిపి 2000లో ప్రచురించిన పరీక్షలో, అంతకుముందు మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు కుంగుబాటుకు గురైనవారిలో మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 66 శాతం మందికి జబ్బు తిరగబెట్టగా, ఈ చికిత్స కూడా పొందినవారిలో 37 శాతం మందికే తిరగబెట్టింది.

ఆందోళన తారస్థాయికి చేరినప్పుడు లోపలికి చూడటం కష్టం, ఒక్కోసారి అది అలజడిని పెంచుతుంది కూడా. అటువంటప్పుడు ధ్యాసను బయటికి మళ్లించడం మంచిది. కనిపిస్తున్న అయిదింటిని, శరీరానికి తగులుతున్న నాలుగింటిని, వినిపిస్తున్న మూడింటిని, రెండు వాసనలను, ఒక రుచిని గుర్తించే అభ్యాసం ఇందుకు బాగా ప్రచారంలో ఉంది. అంకెలు కచ్చితంగా కుదరకపోయినా నష్టం లేదు.

ఈ సాధనల గురించి జరిగే ప్రచారానికి, వాటికి ఉన్న ఆధారానికి మధ్య దూరం ఉందన్నది దాచకూడని నిజం. 2014లో మాధవ్ గోయల్ బృందం 47 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 3,515 మంది ఫలితాలను క్రోడీకరించి, ఆందోళన, కుంగుబాటు, నొప్పి విషయంలో ఓ మోస్తరు మేలు జరుగుతోందని, వ్యాయామం, మందులు వంటి ఇతర చికిత్సల కంటే ఇవి మెరుగైనవని చెప్పడానికి ఆధారం లేదని తేల్చింది. ఆందోళన రుగ్మతలు ఉన్న 276 మందితో అమెరికాలో జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, కబాట్ జిన్ రూపొందించిన ఎనిమిది వారాల పూర్తి శిక్షణ ఎస్సిటలోప్రామ్ అనే మందుకు తీసిపోని ఫలితం ఇచ్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో 8 వేలకు పైగా పాఠశాల విద్యార్థులతో జరిపిన భారీ పరీక్షలో మాత్రం తరగతి గదిలో నేర్పిన మైండ్‌ఫుల్‌నెస్ వల్ల వారి మానసిక ఆరోగ్యానికి మామూలు బోధన కంటే అదనపు మేలు కనిపించలేదు. ఎక్కువమంది పిల్లలు ఇంటి దగ్గర అభ్యాసం చేయనే లేదు. ఎనిమిది వారాల్లో మెదడు నిర్మాణమే మారిపోతుందన్న ప్రచారం కూడా నిలబడలేదు. 2022లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మునుపటికంటే ఎక్కువమందితో, మరింత జాగ్రత్తగా చేసిన అధ్యయనంలో అటువంటి మార్పు కనిపించలేదు. ఈ ఫలితాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బోధపడేది ఏమిటంటే, ఇష్టపడి, క్రమం తప్పకుండా చేసేవారికి ఒక మోస్తరు ప్రయోజనం నిజంగానే ఉంది, విని వదిలేసేవారికి లేదు. ఒక మోస్తరు ప్రయోజనం అన్నది చిన్నచూపు చూడవలసిన విషయం కాదు. ఖర్చు లేకుండా, పరికరం లేకుండా, ఎక్కడైనా చేసుకోగల పని నుంచి అంతకుమించి ఆశించడం అత్యాశే అవుతుంది.

మరో హద్దును కూడా స్పష్టంగా గీయాలి. మోయలేనంత పని, అందని జీతం, ఇంట్లో హింస, అవమానకరమైన ప్రవర్తన వంటి కారణాల వల్ల కలిగే ఒత్తిడికి ఊపిరిని గమనించడం పరిష్కారం కాదు. అటువంటి చోట సిబ్బందికి ధ్యాన తరగతులు ఏర్పాటు చేసి పనిభారాన్ని మాత్రం అలాగే ఉంచడం బాధితుల మీదే బాధ్యత నెట్టడం అవుతుంది. మనసు తేటపడిన వ్యక్తి ఆ పరిస్థితిని మార్చడానికి, లేదా అక్కడి నుంచి బయటపడటానికి తగిన అడుగు వేయగలగడం వరకే సాధన సాయం చేస్తుంది. ఇక గతంలో తీవ్రమైన మానసిక గాయం తగిలినవారికి కళ్లు మూసుకుని శరీరాన్ని గమనించడం వల్ల పాత జ్ఞాపకాలు ఒక్కసారిగా ఎగదన్నవచ్చు. వారు కళ్లు తెరిచే ఉంచి, పాదాలు నేలను తాకుతున్న స్పర్శ మీదనో, బయటి శబ్దాల మీదనో ధ్యాస ఉంచడం, వ్యవధిని తగ్గించుకోవడం, కలత పెరిగితే ఆపేయడం అవసరం. నిద్ర, ఆకలి చెడిపోయి వారాల తరబడి కోలుకోనివారు, బతకాలన్న కోరిక సన్నగిల్లినవారు ముందుగా వెళ్లవలసింది వైద్యుల దగ్గరికే. సాధన వైద్యానికి తోడుగా ఉండవచ్చు గాని, దాని స్థానాన్ని తీసుకోలేదు.

ఎప్పుడు చేయాలన్న ప్రశ్నకు జవాబు కొంత వింతగా అనిపించవచ్చు. ఒత్తిడి లేనప్పుడే చేయాలి. వరద వచ్చాక ఈత నేర్చుకోవడం ఎవరికీ సాధ్యం కానట్టే, కోపం తలకెక్కిన క్షణాన మొదటిసారిగా ఊపిరిని గమనించడం కూడా సాధ్యం కాదు. రోజూ ఒకే వేళకు అయిదు నుంచి పది నిమిషాలు ఊపిరి అభ్యాసం, పగటిపూట రెండు మూడు పనుల్లో ఎరుక, నిద్రకు ముందు కొద్దిసేపు శరీర పరిశీలన అన్నది మొదలుపెట్టేవారికి సరిపోయే కొలత. అన్నిటినీ ఒకేసారి నెత్తికెత్తుకోవడం కంటే ఒక్కదాన్ని రెండు వారాలు పట్టి చూడటం మేలు.

ఫలితాన్ని మాత్రం అభ్యాసం చేస్తున్న ఆ అయిదు నిమిషాల్లో వెతకకూడదు. ఆ అయిదు నిమిషాలు ఒకరోజు హాయిగా, మరోరోజు చిరాగ్గా గడుస్తాయి, దానిని బట్టి ఏమీ తేలదు. చూడవలసింది ఒత్తిడి పుట్టడానికి, అది పుట్టిందని తెలియడానికి మధ్య ఉన్న వ్యవధిని. ఒక కటువైన సందేశం అందుకున్న వ్యక్తికి మొదట్లో ఆ రాత్రి పక్క మీద వాలినప్పుడు గాని తన దవడ పగలంతా బిగుసుకునే ఉందని తెలియకపోవచ్చు. కొన్ని వారాల అభ్యాసం తరువాత ఆ సంగతి మధ్యాహ్నానికే తెలియవచ్చు. మరికొంతకాలానికి, జవాబు టైపు చేస్తుండగా వేళ్లు అదురుతున్నాయని, ఊపిరి పొట్టిదైందని తెలుస్తుంది, సందేశం ఇంకా పంపకముందే.